నీటిలోని సాక్షులు

మా పాఠశాలలోని ఏ బాలునైనను బాలికనైనను పిలిచి "మంచి నీరెట్లుండును?" అని యడిగినచో "రంగు, రుచి, వాసన లేక తేటగా నుండును" అని తడుముకొనక చెప్పుదురు. మేము నేర్పిన పాఠమే గనుక మార్కులు తగ్గించుటకు వీలులేదు. అయినను ఇరువది సంవత్సరములకు పైగా ఈ పాఠమును చెప్పుచున్న మాకు, మన గోదావరి సీమలో నిది సగము పాఠమే యని తోచుచున్నది. ఆషాఢ శ్రావణములలో వరద దిగినప్పుడు ధవళేశ్వరము దిగువను గోదావరిని చూడుడు. ఎఱ్ఱమన్ను కలిపినట్లుండు ఆ నీటిని చెంబుతో ముంచినచో చెంబు అడుగు కానరాదు. అయినను సముద్రములో విలసయని పిలువబడు చేప ఆ యెఱ్ఱనీటినే కోరి, యెదురీదివచ్చి, పులసయను పేరు పొందుచున్నది. ఇక పంటకాలమున ఊరి ప్రక్కనున్న యొక బోదెలో నీరు అద్దమువలె నుండవచ్చును; అందొక రొయ్యపిల్లయైనను బ్రతికియుండకపోవచ్చును. కంటికి తేటయైన నీరు ప్రాణికి మేలైన నీరని చెప్పుటకు వీలులేదని మన జాలరులు మనకంటె ముందే యెఱుగుదురు.

మాకీ సంగతి తెలిసివచ్చినది ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో కాదు. కొన్ని యేండ్ల క్రిందట, సార్వా చేలు పొట్టమీద నుండగా సుడిదోమ పడి, ఊరంతయు మందు చల్లుచుండిన దినములలో, ఏడవ తరగతి బాలుడొకడు అరటియాకు పొట్లముతో తరగతికి వచ్చెను. పొట్లము విప్పగా చచ్చిన రొయ్యపిల్లలు. తరగతియంతయు ముక్కు మూసికొనెను. "మాస్టారండీ, మా రేవులో రొయ్యపిల్లలన్నీ చచ్చిపోయాయండి. నత్తలు మాత్రం బాగానే ఉన్నాయండి" అని వాడు చెప్పుచుండగనే మేము గద్దించి, పొట్లమును బయట పారవేయించి, వానిని చేతులు కడుగుకొనుటకు పంపితిమి. ఆనాటి పాఠము మఱేదో. అది మాకిప్పుడు జ్ఞాపకము లేదు. బాలుని మాట మాత్రము జ్ఞాపకమున్నది.

సాయంకాలము మనసు నిలువక ఆ రేవునకు పోయితిమి. నీరు తేటగానే యుండెను, వాసన లేదు. గట్టునంటి రొయ్యపిల్లలును, తూనీగ పిల్లలును తెప్పవలె తేలుచుండెను. నీటిపై పరుగులు తీయు పొడుగుకాళ్ళ పురుగు ఒక్కటియు కానరాలేదు. నత్తలు రాళ్ళపై మెల్లగా నడచుచునే యుండెను. అంట్లు తోముచున్న యిల్లాండ్రతో "ఈ నీరు రెండు దినములు వాడకుడమ్మా" యనగా, "ఇంత తేటగా ఉంటే ఏమైందండి మాస్టారూ" అని నవ్విరి. మేము బదులు చెప్పలేకపోతిమి. పెద్దలు కొందఱు ఫిర్యాదు చేయగా నాల్గవ దినమున సంబంధించిన వారెవరో వచ్చి సీసాలో నీరు పట్టుకొని పోయిరి. నీరు మితిలోనే యున్నదని కొంతకాలమునకు జవాబు వచ్చెను. ఆ జవాబు అసత్యమని మేమనుట లేదు. వారు పట్టినది నాల్గవనాటి నీరు. రొయ్యలను చంపిన నీరు అప్పటికే మురుగుకాలువ దాటి సముద్రమువైపు పోయియుండును.

తరువాత పుస్తకములు తిరుగవేయగా, మేము పారవేయించిన పొట్లముతోపాటు ఎంత విలువైన వాక్యమును పారవేసితిమో తెలిసినది. నీటిలో ఎవరు చచ్చిరి, ఎవరు మిగిలిరి యనునదే సగము సమాధానము. నీట ప్రాణవాయువు కొఱతపడినచో చేపలు పైకివచ్చి నోళ్ళు తెఱచి ఆయాసపడును. మొదట చచ్చునవి అవియే. కొర్రమేను, మార్పు, ఇంగిలాయి, గొరకలు పైగాలిని పీల్చుకొనగల జాతులు గనుక అవి తట్టుకొనును. దోమపిల్లకు తోకచివర గొట్టమున్నది. దానిని పైకెత్తి గాలి తీసికొనును గనుక దానికి మురుగునీరే ఇల్లు. అట్లుగాక చేపలు నోరు తెఱవకయే రొయ్యలును, తూనీగ పిల్లలును మొదట చచ్చి, నత్తలు మిగిలినచో, పురుగుమందును అనుమానింపవలెను. సుడిదోమ నరములను పట్టుటకు చేసిన మందు దాని దాయాదులైన పురుగులను, రొయ్యలను గూడ పట్టును. నత్త ఆ కుటుంబములోనిది కాదు. ఆ బాలుడు రెండు వాక్యములలో చెప్పినది వైద్యుడు వ్రాయవలసిన నివేదిక. మేము న్యాయాధిపతులము కాము. ఎవరి చేనినుండి ఏ మందు దిగెనో ఈ సాక్ష్యముతో తేల్చలేము. కాని "మితిలోనే యున్నది" యను మాటతో సంగతి ముగియకుండెడిది.

ఇందువలన సీసా పరీక్ష వ్యర్థమని యెవరును తలంపకుందురు గాక. ప్రభుత్వమువారు స్నానయోగ్యమైన నదీజలమునకు మితులు పెట్టియున్నారు. లీటరునకు 5 మిల్లీగ్రాములకు తక్కువ కాకుండ ప్రాణవాయువుండవలెననునది వానిలో నొకటి. నీటిలోని కుళ్ళు ఎంత ప్రాణవాయువును తినివేయునో కనుగొనుటకు 27 డిగ్రీల వేడిలో మూడు దినములు సీసాను భద్రపఱచి చూతురు. ఇవి యన్నియు ఉపయోగమైనవే. అయితే సీసా ఆ గడియ నీటిని మాత్రమే యెఱుగును. భీమవరము, ఆకివీడు, కైకలూరు ప్రాంతములలో చేపల చెఱువులు పెట్టినవారిని అడిగిన దీని భావము చెప్పుదురు. పగలెల్ల నీటిలోని పాచి సూర్యరశ్మిలో ప్రాణవాయువును విడుచును. మధ్యాహ్నము కొలిచినచో కావలసినంత యుండును. రాత్రి అదే పాచి చేపలతోపాటు ప్రాణవాయువును పీల్చును. తెల్లవారుజామున చేపలు పైకి తేలును. అందుచేతనే వారు రాత్రివేళ యంత్రములతో నీటిని చిలుకుదురు. ఉద్యోగి పదిగంటలకు వచ్చును. చేప నాలుగు గంటలకు చచ్చును. నీటిలో కాపురముండు పురుగు ఆ నాలుగు గంటలను తప్పించుకొనలేదు. తూనీగ పిల్ల నెలల తరబడి, ఆలిచిప్ప యేండ్ల తరబడి ఒకే నీటిలో బ్రతుకును. అది యున్నదనగా ఆ దినములన్నియు గడచినవని అర్థము. మఱియు నీరు వేడెక్కినకొలది ప్రాణవాయువును తక్కువగా నిలుపుకొనును. 20 డిగ్రీలలో లీటరునకు 9 మిల్లీగ్రాములు పట్టగల నీరు 30 డిగ్రీలలో ఏడున్నరకు మించి పట్టజాలదు. మన వేసవి యెట్టిదో చెప్పనక్కఱలేదు.

ఈ విద్య క్రొత్తది కాదు. నిర్గమకాండము ఏడవ అధ్యాయములో ఐగుప్తు నది చెడిన వృత్తాంతమును మన విద్యార్థులు బైబిలు తరగతిలో చదివియే యున్నారు. అచ్చట చేపలు చచ్చుట ముందు చెప్పబడినది, కంపు తరువాత, జనులు త్రాగలేకపోవుట అటుపిమ్మట. దీనిని శాస్త్రముగా కూర్చినవారిలో జర్మనీ దేశస్థులైన కోల్క్‌విట్జ్, మార్సన్ అను నిద్దఱు ముఖ్యులు.  మురుగు కలిసిన నదిలో ఏ దూరమున ఏ జీవులుండునో చూచి, 1908లో మొక్కల పట్టికను, 1909లో జంతువుల పట్టికను ప్రకటించిరి. అమెరికాలో రూత్ పాట్రిక్ అను విదుషీమణి 1948లో పెన్సిల్వేనియాలోని కానెస్టోగా వాగులను శోధించి, ఒక జీవిని కాక అనేక జాతుల సముదాయమును చూడవలెనని చూపెను. ఆమె నూట అయిదేండ్లు జీవించి 2013లో మరణించెను. మా బాలికలు ఈ పేరును గుర్తుంచుకొందురు గాక. ఇంగ్లండులో 1970వ దశకమున ఏర్పడిన యొక సంఘము పురుగుల కుటుంబములకు ఒకటి మొదలు పదివరకు మార్కులు వేసెను. మురుగుకు వెఱవని యెఱ్ఱలకు 1, తూనీగ పిల్లలకు 8. దొరికిన కుటుంబముల మార్కులను కూడి, కుటుంబముల సంఖ్యచే భాగించినచో నీటి స్థితి కొంత తెలియును. అయిదవ తరగతి లెక్కయే. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారును దీనిని మన దేశమునకు తగినట్లు మార్చి, నీటిని అయిదు తరగతులుగా విభజించు పద్ధతిని ఏర్పఱచియున్నారు.

గడచిన రెండేండ్లుగా మేము విద్యార్థులను వెంటబెట్టుకొని కాలువకు పోవుచున్నాము. కావలసిన సామగ్రి దోమతెరగుడ్డతో కుట్టిన వల యొకటి, తెల్ల ఎనామిలు పళ్ళెము, ఒక భూతద్దము. గడ్డి మొదళ్ళలో వలను ఊపి పళ్ళెములో కుమ్మరించినచో, మొదట ఆకులు, బురద తప్ప మఱేమియు కనబడదు. పిల్లలు "ఏమీ లేదండి" అందురు. రెండు నిమిషములు ఓర్చుకొనవలెను. బురద తేరగనే ఒక ఆకు నడచును. ఒక పుల్ల వంగును. ఆ తరువాత పళ్ళెమంతయు కదలును. తూనీగ పిల్లకు క్రింది పెదవి మడతపెట్టిన చేయివలె నుండి, ఎర కనబడినప్పుడు బయటికి దూకును. దీనిని చూచిన బాలుడు దానిని మఱువడు. మేఫ్లై యను పురుగు పిల్లకు సాధారణముగా మూడు తోకలు, ప్రక్కల ఆకులవంటి మొప్పలు ఉండును. ఇది రెక్కలు వచ్చిన తరువాత ఒకటి రెండు దినములకు మించి సాధారణముగా బ్రతుకదు, ఏమియు తినదు; దీని బ్రతుకంతయు నీటిలోనే గడచినది గనుక నీటిని గూర్చి దీని సాక్ష్యము గట్టిది. కాడిస్ యను మఱియొక పురుగు పిల్ల తన నోటి పట్టుతో ఇసుక రేణువులను అతికి చొక్కా కుట్టుకొనును.

ఇవి దొరకని చోట మఱియొక గుంపు దొరకును. కుళ్ళిన బురదలో దారమువంటి యెఱ్ఱని సన్నపురుగులు కుప్పలుగా నుండును. ఎఱ్ఱదనమునకు కారణము మన రక్తములోని రక్తవర్ణకమువంటిదే వానికిని ఉండుట. ఉన్న కాస్త ప్రాణవాయువును దానితో ఒడిసిపట్టుకొని అవి బ్రతుకును. పళ్ళెములో ఎఱుపు తప్ప మఱేమియు లేనినాడు ఆ నీటిని గూర్చి మఱి సాక్షులు అక్కఱలేదు. గత కార్తీకమున మేము మంచినీటి కాలువలోను, మురుగుకాలువలోను ఒకేదినము వల వేసితిమి. మొదటిదానిలో పండ్రెండు విధముల జీవులు, రెండవదానిలో మూడు. ఒకటి రెండు గజముల మెరక పల్లముల తేడాతో ప్రక్కప్రక్కనే పారు రెండు నీళ్ళు!

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఇంగ్లండు మార్కులను యథాతథముగా తెచ్చి మన కాలువలకు వేయుట తప్పు. మారేడుమిల్లి అడవిలో పారు పాములేటిలో ఱాళ్ళున్నవి, చల్లని నీరు ఉఱుకుచుండును. ఱాతిని పట్టుకొని బ్రతుకు పురుగులు అచ్చట నుండును. మన కాలువలో ఱాయి లేదు, ఒండు మాత్రమే యున్నది. ఱాతి పురుగు లేనందువలన కాలువ చెడినదనుట, కొబ్బరిచెట్టు లేదని మన్యమును నిందించుటవంటిది. అదియునుగాక మన కాలువలు దేవుడు త్రవ్వినవి కావు. 1847లో మొదలై 1852లో ముగిసిన కాటను దొరగారి ఆనకట్ట ఫలము అవి. ఏటేట వేసవిలో వానిని కట్టివేయుదురు. నీరు పోయినప్పుడు పురుగులును పోవును. తిరిగి వదలిన కొన్ని వారములవరకు రావు. ఆ వారములలో వల వేసి "కాలువ విషమైనది" అని కేకలు వేయుట మూఢత. పులస సంగతియే చూడుడు. ధవళేశ్వరమునకు ఎగువను పులస దొరకదు. ఎగువ నీరు చెడినందుచేత కాదు, అడ్డముగా కట్టడమున్నందుచేత. లేమికి కారణములు పెక్కు. కావున ఒక్క దినపు వలను నమ్మరాదు. అదే రేవులో, అదే నెలలో, ఏటేట చూచి పోల్చుకొన్నప్పుడే మన కాలువకు మన కొలత యేర్పడును. ఆ కొలత ఇంతవరకు మన ఊరికి లేదు. సీమనుండి ఎవరును తెచ్చి యీయరు.

జంతువులతోపాటు మొక్కలును సాక్ష్యమిచ్చును. గుర్రపుడెక్క కాలువను కప్పివేసినప్పుడు దానిని తీయించుటకు డబ్బు ఖర్చుపెట్టుదుము గాని, అది ఏమి తిని బలిసెనని అడుగము. ఎరువుల సత్తువ, ఊరి మురుగు నీటిలో చేరినకొలది అది పెరుగును. కొల్లేటిని 1999లో అభయారణ్యముగా ప్రకటించిరి; 2002లో రామ్‌సర్ పట్టికలో చేర్చిరి; 2006లో చేపల చెఱువుల గట్లను కొట్టివేయించిరి. పెలికాను పక్షులను లెక్కించుటకు దూరదేశములవారు వచ్చుచున్నారు. పక్షి రెక్కలున్నది, చెడిన చోటును విడిచిపోగలదు. అడుగు బురదలోని ఆలిచిప్పను లెక్కించువారు మాత్రము తక్కువ.

తలిదండ్రులు కొందఱు మాతో కోపముగా మాటలాడిరి. వారి మాటలలో న్యాయమున్నది. "పిల్లలను చదువుకొనుటకు పంపితిమి గాని బురదలో దిగుటకు కాదు" అనిరి. మోకాలు దాటిన నీటిలో ఎవరిని దింపుట లేదు. కాలిపై గాయమున్నవారు గట్టుననే యుండి లెక్క వ్రాయుదురు. వరద దినములలో పోము. ఇంటికి పోకముందు సబ్బుతో చేతులు కాళ్ళు కడుగుకొందురు. పట్టిన ప్రాణులను లెక్కించి పట్టినచోటనే విడుచుచున్నాము. సీసాలలో చంపి అలమరలో పెట్టు ఆచారమును మేము మాన్పించితిమి. మఱియొక తల్లి "కాలువలో మంచి పురుగులున్నవని మీరు చెప్పినారు గనుక మావాడు ఆ నీరే త్రాగుచున్నాడు" అని చెప్పినప్పుడు మాకు గుండె ఝల్లుమన్నది. ఇది మా లోపము. ఆ మాటను ముందే చెప్పియుండవలసినది. నీటిపురుగుకు మంచి నీరు మనుష్యునికి త్రాగునీరు కానేరదు. కలరా, టైఫాయిడు క్రిములు మేఫ్లైని ఏమియు చేయవు. పళ్ళెము ఎంత బాగుగా కదలినను త్రాగు నీటిని కాచి త్రాగవలెను. ఈ మాటను కాలువ పుస్తకము మొదటి పుటలో ఎఱ్ఱసిరాతో వ్రాయించితిమి.

ఇదంతయు అధికారుల పనియనియు, బడిపిల్లల పని కాదనియు ఒక పెద్దమనిషి వాదించెను. అధికారుల పని అధికారులు చేయుదురు గాక. వారికి గోదావరి పొడవునను ఎన్నో స్థలములున్నవి. మన ఊరి రేవు వాని పట్టికలో లేదు, ఉండుటయు కష్టము. ఆ రేవు ప్రక్కన ప్రతిదినము ఉదయము పండ్లు తోముకొను బాలుడు మాత్రమున్నాడు. రొయ్యలు చచ్చిన గంటకే వాడు చూచును. వాడు చూచినదానిని తేదీతో, వేళతో, ఏది చచ్చినదో ఏది బ్రతికినదో తెలిసి వ్రాయగలిగినచో, సీసా పట్టుటకు నాల్గవ దినముదాక ఆగనక్కఱలేదని అడుగుటకు పెద్దలకు ఆధారము దొరకును. వట్టి ఫిర్యాదునకును, లెక్కకును కార్యాలయములో జరుగు గౌరవము వేఱు. మందు చల్లు రైతులును మన విద్యార్థుల తండ్రులే; వారిపై నేరము మోపుటకు ఈ పుస్తకమును మేము మొదలుపెట్టలేదు. మందు కలిపిన డబ్బాను బోదెలో కడుగవద్దని ఇంటిలో చెప్పుటకు ఆ యింటి పిల్లవానికంటె తగినవారెవరు?

పొట్లము తెచ్చిన బాలుడు ఇప్పుడు పెద్ద తరగతిలో నున్నాడు. ఆనాడు గద్దించినందుకు మేము ఇటీవల వానితో చింతించితిమని చెప్పగా, వాడు సిగ్గుపడి, "పరవాలేదండి, ఆ వాసనకు నాకూ తిక్కగానే ఉందండి" అనెను. వల పట్టుట వానికే అప్పగించితిమి.

వచ్చు సంవత్సరము నాలుగు పర్యాయములు పోదుము: కాలువలు వదలిన రెండు నెలలకు, సార్వాకు మందు చల్లు దినములలో, దాళ్వా నాట్లు ముగిసిన పిమ్మట, కాలువలు కట్టివేయుటకు వారము ముందు. మంచినీటి కాలువ రేవు ఒకటి, మురుగుకాలువ వంతెన యొకటి. ఈ రెండు స్థలములను మార్చము. ఎనామిలు పళ్ళెము ఒకటి పెచ్చులూడినది. ఎవరి యింటనైన పాతది యుండిన పంపవలెనని కోరుచున్నాము. కాలువ పుస్తకము సైన్సు గది తలుపు ప్రక్కనున్న బల్లపై నుండును. తలిదండ్రులు ఆదివారము ఆరాధన ముగిసిన తరువాతనైనను, శనివారము సాయంకాలమైనను వచ్చి చూడవచ్చును. తమ రేవులో తాము చూచినదానిని అందులో వ్రాయవచ్చును. పెన్సిలు దారముతో కట్టియుంచితిమి.